కారు ముక్కులో గుడ్డ

టాక్సీ నడిపే సమాధానం కారుకు ముక్కుంది. మాటవరసకు అంటున్నది కాదు, నిజంగానే ఉంది. ముందు అద్దం కింద, బానెట్టు అయిపోయే చోట, అరచేయంత ఇనుప మూత. లోపల స్టీరింగు పక్కన ఒక పిడి ఉంటుంది. ఆ పిడిని ముందుకు తోస్తే మూత పైకి లేస్తుంది. బండి పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి బానెట్టు మీదుగా జారొచ్చి అద్దానికి కొట్టుకుంటుంది. పోయేదానికి వేరే దారి లేక ఆ మూతలో దూరి, లోపల కూర్చున్నవాళ్ళ కాళ్ళకు చల్లగా తగులుతుంది. అద్దాలు దించితే దుమ్ము, ఎత్తితే ఉక్క. ఈ మూత ఒక్కటి తెరిస్తే రెండు బాధలూ లేవు. నెల్లూరు ఎండలో అదెంత సుఖమో ఎక్కినవాళ్ళకే తెలుసు. "నా కారుకు ముక్కుందబ్బా, ఊపిరి పీల్చే కారు" అని టాక్సీ స్టాండులో సమాధానం అందరినీ ఏడిపించేవాడు.

రెండో ప్రపంచయుద్ధానికి ముందరి కారది. మిషన్ ఆసుపత్రిలో ఉండిన దొరసాని డాక్టరమ్మ తన దేశానికి పోతా పోతా, పదేళ్ళు నమ్మకంగా నడిపినందుకు దాన్ని సమాధానానికే ఇచ్చేసి పోయింది. పైన చూస్తే పెళ్ళికొడుకు మాదిరి మెరుస్తుంది. కింద చూస్తే ఏముంది, ఉప్పుగాలికి ఫ్లోరంతా తుప్పు పట్టి జల్లెడైపోయింది. భార్య ఎలిశబెతు వెనక సీటు కింద గోనెపట్టాలు పరిచి ఆ బొక్కలను కనపడనీయకుండా దాచింది. దాస్తే బొక్కలు పూడుతాయా ఎక్కడన్నా.

అరవై రెండో సంవత్సరం. అంతకు ముందు కార్తీకంలో వానలు దండిగా పడి, తోటపల్లి గూడూరు రోడ్డంతా గుంతలైంది. ఒక గుంతలో బండి దబ్బున కూలబడి సైలెన్సరు గొట్టం పగిలింది. స్టాండు వెనకాల షెడ్డులో మస్తాన్ సాయిబు బండి కింద దూరి చూసి, చేతులు తుడుచుకుంటా బయటికొచ్చినాడు. నెల్లూరులో బండ్లను గురించి ఆయన మాటంటే మాటే.

"పగులు ఇంజను దగ్గిరే ఉండాది సమాధానం. పొగ వెనక్కి పోకుండా బండి కిందనే తిరగతా ఉంది. కొత్త గొట్టం మద్రాసు నించి రావాల, పది దినాలు పడతాది. అందాక బండి తియ్యబాక" అన్నాడు.

"పది దినాలు స్టాండులో కూర్చుని గోళ్ళు గిల్లుకోమంటావా సాయిబూ?"

"తీస్తే తీసినావు గానీ, ఆ ముందు మూత మాత్రం ముయ్యబాక. దాంట్లో నించి గాలి జొరబడతా ఉంటే లోపలంతా గాలి నిండి, కింద పొగను పైకి రానియ్యదు. అది మూసినావంటే పొగంతా ఆ బొక్కల్లో నించి లోపలికే. ఆ పొగ మంచిది కాదు. మనిషికి మత్తుగా నిద్ర పట్టిస్తాది. నిద్రే అనుకుంటారు. లేవరు."

ఇంత విడమరచి చెప్పినాడు ఆ మహానుభావుడు. సమాధానం విన్నాడు, తల ఊపినాడు. తల ఊపేదానికేముంది, గంగిరెద్దు కూడా ఊపుతుంది.

మూడో దినం పొద్దున పేరమ్మ స్టాండుకు వచ్చింది. తోటపల్లి గూడూరు దాటినాక సముద్రం ఒడ్డునుండే పాలెం ఆమెది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వారానికి రెండుసార్లు నెల్లూరికొచ్చే మనిషి, స్టాండులో ఆమెను ఎరగని వాళ్ళు లేరు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆ దినం గంప లేదు. ముఖం మాత్రం వెలిగిపోతా ఉంది.

"నాయనా, నా కూతురు కామమ్మకు మగబిడ్డ. పెద్దాసుపత్రిలో కడుపు కోసి తీసినారు. ఈ దినం పంపిచ్చేస్తారంట. నీ కారులో ఇంటికి చేర్చాల."

కామమ్మకు అంతకు ముందు రెండు కాన్పులు పోయినాయి. ఒక బిడ్డ కడుపులోనే, ఒక బిడ్డ పుట్టిన మూడో దినం. ఈ మూడో బిడ్డ కోసం పేరమ్మ మొక్కని దేవత లేదు, చెయ్యని ఉపవాసం లేదు. బస్సులో తీసకపోతే గాలి తగులుతుందని ఆమె భయం. పురుడొచ్చిన మనిషికి గాలి తగిలితే సన్ని జ్వరం పుడుతుంది, పాలు విరుగుతాయి, బిడ్డ దక్కడు. సముద్రం ఒడ్డున పగలూ రాత్రీ గాలే కదా, అక్కడి ఆడవాళ్ళకు ఆ భయం మరీ ఎక్కువ. పేరమ్మ నెలముందు నుంచే గుడిసె సందులన్నీ మట్టితో మెత్తి, తలుపుకు గోనె కట్టి, ఈగ దూరను సందు లేకుండా చేసి పెట్టింది. ఇక మిగిలింది దారి ఒక్కటే. ఆ పన్నెండు మైళ్ళు గాలి తగలకుండా దాటించాల.

ఆసుపత్రి ముందర కామమ్మను ఎక్కించినారు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మెడ దాకా దుప్పటి. రక్తం పోయి పాలిపోయి ఉంది గానీ నవ్వుతా ఉంది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, "అన్నా, కుదుపుల్లేకుండా మెల్లిగా పోనియ్యి" అనింది సమాధానంతో. ఇరవై ఏళ్ళుంటాయేమో ఆ పిల్లకు. అతనికి తన చెల్లెలు మగ్దలీనమ్మ గుర్తొచ్చింది.

పేరమ్మ నాలుగు అద్దాలూ ఎత్తించింది. ఎత్తిన అద్దాల సందుల్లో గుడ్డపేలికలు దోపింది. అంతా అయ్యేసరికి ముందు సీటు వైపు వంగి చెయ్యి పెట్టి చూసింది.

"ఇదేంది, ఇక్కడ గాలొస్తా ఉండాదే?"

"అది కారు ముక్కు పెద్దమ్మా. అది ముయ్యకూడదు. కింద గొట్టం పగిలుంది, మూస్తే పొగొస్తాది లోపలికి."

"పొగా?" పేరమ్మ నవ్వింది. "పొగకేమైతాది నాయనా! పురిటింట్లో సాంబ్రాణి పొగ వెయ్యమా? బిడ్డకు రెండు పూటలా పొగ పట్టమా? పొగ మంచిదే. గాలే చెడ్డది."

సమాధానం తల అడ్డంగా ఊపినాడు. "అది ఆ పొగ కాదు పెద్దమ్మా, ఇంజను పొగ" అన్నాడు. "ఏదైతేనేం, పొగ పొగే" అనిందామె. అతని ఇంట్లో మాత్రం? ఎలిశబెతు పురిటిలో ఉన్నప్పుడు వాళ్ళమ్మ చెవుల్లో దూది పెట్టి తలుపులు బిగించలేదా? క్రైస్తవులైనంత మాత్రాన బాలింతకు గాలి తగలనిస్తారా? అతని నెత్తురులో కూడా ఆ భయమే ఉంది. మస్తాన్ సాయిబు మాట ఒక చెవిలో, పేరమ్మ మాట ఒక చెవిలో. పెద్దమనిషి, ఇద్దరు బిడ్డలను పూడ్చిపెట్టిన ఇల్లు, కాదు కూడదని ఎట్లా అనేది? గంట సేపటి దారి, అంతలో ఏమవుతుందిలే అనుకున్నాడు. అదీ అతను చేసిన పని. ఏమవుతుందిలే అనుకున్నాడు.

మూత మూసే పిడి సంగతి తెలియని పేరమ్మ తన పాత కోక చించి ఉండ చుట్టి, ఆ మూత లోపలి నోట్లో బొటనవేలితో గట్టిగా కుక్కింది. సమాధానం తనవైపు అద్దం మాత్రం రెండు వేళ్ళు దించుకుంటానని బతిమాలినాడు. "ఊపిరాడకపోతే నడపలేను పెద్దమ్మా." ఆమె ఒప్పుకుంది గానీ, ముందు సీటుకూ వెనక సీటుకూ నడుమ దుప్పటి ఒకటి అడ్డంగా కట్టేసింది. ఆ గాలి వెనక్కి రాకూడదని.

బయలుదేరినారు. కొంతసేపు దుప్పటి అవతల పేరమ్మ గొంతు వినిపిస్తానే ఉండింది. బిడ్డకు వాళ్ళ తాత పోలేరయ్య పేరు పెట్టాలని ఆమె, ఆ పాత పేరు వద్దని కామమ్మ. "వద్దంటే తాత కలలోకొచ్చి తంతాడు" అని పేరమ్మ. కామమ్మ నవ్వతా, "అమ్మా నవ్వియ్యబాక, కుట్లు నొప్పి" అనింది. సమాధానానికి కూడా నవ్వొచ్చింది.

సగం దారిలో కాలవ మీద తూము దగ్గర వరిమోపుల బండ్లు ఇరుక్కుపోయి ఉన్నాయి. ఒక బండి ఇరుసు విరిగి రోడ్డుకు అడ్డం పడింది. దాన్ని తప్పించేసరికి అరగంట పైనే పట్టింది. సమాధానం ఇంజను ఆపలేదు. బ్యాటరీ నీరసంగా ఉంది, ఆపితే మళ్ళీ హ్యాండిలు తిప్పాల. తిప్పితే బండంతా ఎగిరిపడుతుంది, కోసిన కడుపుతో ఉన్న పిల్ల తట్టుకోలేదు. ఆమె మీద జాలితోనే ఆపలేదు. దేవుడు సాక్షి.

"బిడ్డ ఏం చేస్తున్నాడు పెద్దమ్మా?" అని అడిగినాడు.

"నా ఒళ్ళోనే నిద్రపోతా ఉండాడు నాయనా. బంగారుకొండ, కిక్కురుమనలా. కామమ్మ కూడా కునికతా ఉంది. నాకే తల దిమ్ముగా ఉంది" అనింది పేరమ్మ. మాట కొంచెం ముద్దగా వచ్చింది.

మస్తాన్ సాయిబు మాట అప్పుడు మనసులో కదిలింది. నిద్రే అనుకుంటారు. సమాధానం చెయ్యి ఆ గుడ్డ దాకా పోయింది. పీకితే పేరమ్మ ఊరుకోదు, గోల చేస్తుంది, నిద్రపోతున్న బాలింత ఉలిక్కిపడి లేస్తుంది. ఇంకెంత దూరం, ఆరు మైళ్ళే కదా. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అతని తల కూడా నొస్తా ఉంది. ఎండకేమో అనుకుని, అద్దం సందుకు ముఖం పెట్టి ఊపిరి పీల్చుకుంటా బండి నడిపినాడు.

పాలెం చేరేసరికి ఆడవాళ్ళంతా దిష్టినీళ్ళు పట్టుకుని ఎదురొచ్చినారు. కామమ్మ మొగుడు గంగులయ్య, ఆ దినం వేటకు కూడా పోకుండా, ఉతికిన పంచె కట్టుకుని ముందర నిలబడి ఉన్నాడు. సమాధానం దిగి వెనక తలుపు తీసినాడు.

పేరమ్మ తలుపుకు ఆనుకుని ఉండి, తెరవగానే బయటికి ఒరిగిపోయింది. ఆడవాళ్ళు పట్టుకుంటే భళ్ళున వాంతి చేసుకుంది. కామమ్మ తల వెనక్కి వాలిపోయి ఉంది. బిడ్డ పేరమ్మ ఒళ్ళోనుంచి జారి సీటు మీద పడుకుని ఉన్నాడు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, ఏ జబ్బూ లేని బిడ్డ మాదిరే ఉన్నాడు. సమాధానం ఎత్తుకుంటే చెయ్యి వేలాడిపోయింది. ముక్కు దగ్గర చెంప పెట్టి చూసినాడు. ఊపిరి లేదు.

అతనికి ఒళ్ళు తెలియలేదు. బిడ్డను గంగులయ్య చేతిలో పెట్టి, కామమ్మను రెండు చేతులా ఎత్తుకుని పరిగెత్తినాడు. గుడిసెలోకి కాదు, సముద్రం వైపు. ఇసక మీద పడుకోబెట్టి, తలగుడ్డ లాగేసి, ముఖానికి గాలి తగిలేట్టు తిప్పినాడు. "అయ్యో అయ్యో, బాలింతను గాలిలో పడేసినాడే, చంపేసినాడే!" అని ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటా వెంటపడినారు. ఒకామె అతని జుట్టు పట్టుకుని లాగింది. అయినా లేవలేదు. పావుగంటకు కామమ్మ దగ్గింది, కళ్ళు తెరిచింది. మొదట అడిగిన మాట, "బిడ్డ ఏడీ?"

బిడ్డను సాయంకాలం సరుగుడు తోపు అవతల ఇసకలో పూడ్చినారు.

ఊరు తీర్పు చెప్పేదానికి ఎంతసేపు? బాలింతను ఎత్తకపోయి సముద్రపు గాలిలో పెట్టింది అందరూ కళ్ళారా చూసినారు. గాలి తగిలింది, బిడ్డ పోయినాడు. ఏది ముందు, ఏది వెనక అని ఎవరికి కావాల? గంగులయ్య కాలరు పట్టుకుని నాలుగు గుద్దినాడు. కులపెద్ద ఆదెయ్య అడ్డమొచ్చి, "పోరా నాయనా, మళ్ళీ ఈ పక్కకు రాబాక" అని పంపించేసినాడు. సమాధానం మళ్ళీ బండెక్కినాడు. దారంతా ఏడుస్తానే నెల్లూరు చేరినాడు.

మస్తాన్ సాయిబు అంతా విన్నాడు. తర్వాత, "నీ పక్క అద్దం దించుకున్నావా?" అని అడిగినాడు.

"రెండు వేళ్ళు."

"అయ్యో అల్లా! ముందు ముక్కు మూసి పక్క అద్దం దించితే, పరిగెత్తే బండి ఆ సందులో నించి లోపలి గాలిని బయటికి లాగుతాది. పోయిన గాలికి బదులు కింది నించి పొగే కదా వచ్చేది. నీకు మాత్రం అద్దం దగ్గిర ఊపిరి దొరికింది."

అంటే తను పీల్చుకున్న ఊపిరి ఆ బిడ్డదే. సమాధానానికి అట్లనే అనిపించింది.

కొత్త గొట్టం వచ్చింది. ఫ్లోరుకు రేకులు కొట్టించినాడు. ముందు మూతనైతే స్క్రూలు ఊడదీసి, మళ్ళీ ఎవరూ మూసేదానికి లేకుండా పీకి పారేసినాడు. చేతులు కాలినాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు ఎవరూ అతని బండి ఎక్కడం లేదు. స్టాండులో కూడా వెనకనుంచి "గాలి కారు" అనడం మొదలైంది. ఎలిశబెతు మొదట ఓదార్చింది, తర్వాత కోపగించుకుంది.

"నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే ఎట్లా? పోయి నిజం చెప్పు. ఆయమ్మే కదా గుడ్డ కుక్కింది. నువ్వు వద్దన్నావు కదా!"

"వద్దన్నాను. అంతే కదా చేసింది" అనేవాడు సమాధానం. చెప్పాలని రెండుసార్లు తోటపల్లి గూడూరు దాకా పోయినాడు. రెండుసార్లూ అక్కడి నుంచే బండి తిప్పుకుని వచ్చేసినాడు. ఏమని చెప్పేది? నీ చేత్తోనే నీ మనవడి ఊపిరి మూసినావు తల్లీ అనా?

రెండు నెలలు గడిచినాయి. ఒక ఆదివారం, ఏసు గుడిలో ప్రార్థన ముగించి ఇంటికొచ్చి వాళ్ళు అన్నానికి కూర్చోబోతుంటే వాకిట్లో పేరమ్మ నిలబడి ఉంది. మనిషి సగమైపోయింది. ఎలిశబెతు పీట వేసింది, ఆమె కూర్చోలేదు.

"తిట్టను రాలేదు నాయనా. ఒక మాట అడగను వచ్చినా" అనింది.

"అడుగు పెద్దమ్మా."

"నువ్వు కామమ్మను గాలిలో పడుకోబెట్టినావనీ, అందుకే బిడ్డ పోయినాడనీ ఊరంతా అంటారు. నాకు తెలవదా? నువ్వు తలుపు తీసేటప్పటికే వాడు పోయినాడు. నా ఒళ్ళోనే పోయినాడు. అంటే గాలి అంతకు ముందే, కార్లోనే తగిలింది. యాడ నించి వచ్చింది నాయనా? అద్దాల సందులు నేనే దోపినా. దుప్పటి నేనే కట్టినా. ఆ ముక్కులో గుడ్డ ఈ వేలితోనే కుక్కినా." ఆమె బొటనవేలు పైకెత్తి చూపింది. "కామమ్మ దినామూ అడగతా ఉంది. ఎట్లొచ్చిందమ్మా గాలి, నువ్వు సరిగ్గా కుక్కలేదా అని. నేను జవాబు చెప్పను. అది అటు తిరిగి పడుకుంటుంది. కూడు పెడితే తినదు, నా చేతి నీళ్ళు కూడా తాగదు. నాకు ఏడుపు కూడా రావడం లేదు నాయనా, ఒక్క చుక్క రావడం లేదు. నిజం చెప్పు. నేను యాడ తప్పు చేసినా?"

ఎలిశబెతు వాకిలి పట్టుకుని నిలబడిపోయింది. రెండు నెలలుగా నిజం చెప్పమని పోరుపెట్టిన మనిషి, ఇప్పుడు మొగుడి ముఖం చూసి, వద్దన్నట్టు మెల్లిగా తల ఆడించింది.

సమాధానం ఆ బొటనవేలి వైపు చూసినాడు. నిజం నాలిక కొసన ఉంది. చెప్తే తన మీద మాట పోతుంది, తన కారు మీద మాట పోతుంది. ఆ తర్వాత ఈ ముసలామె ఆ బొటనవేలిని ఏం చేసుకోవాల? కూతురి ముందుకు ఏ ముఖంతో పోవాల?

"నువ్వేం తప్పు చెయ్యలేదు పెద్దమ్మా" అన్నాడు. "బాగానే కుక్కినావు. చీమ కూడా దూరదు. తూము దగ్గిర బండ్లు అడ్డం పడి నిలిచినాం కదా, అప్పుడు మీరంతా నిద్రపోయినారు. నాకు ఉక్కపోసింది. ఓర్చుకోలేకపోయినా. నేనే గుడ్డ పీకి మూత తెరిచినా. పాలెం దగ్గిర పడేటప్పుడు మళ్ళీ కుక్కేసినా."

పేరమ్మ ఒక అడుగు ముందుకేసింది. "నువ్వు తెరిచినావా?"

"నేనే తెరిచినా."

"ఒట్టు?"

గుడి నుంచి అప్పుడే వచ్చిన మనిషి. ఎలిశబెతు కళ్ళు మూసుకుంది.

"ఒట్టు" అన్నాడు సమాధానం.

పేరమ్మ నోట్లోంచి ఒక కేక వచ్చింది. రెండు చేతులా అతని మీద పడింది. రొమ్ము మీద, ముఖం మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టింది. "నీ చేతులు పడిపోను! నీ వంశం నాశనం గాను! చిలక్కి చెప్పినట్టు చెప్పినా కదరా, గాలి తగలకూడదని! నా బంగారుకొండను చంపినావు గదరా!" కొట్టి కొట్టి చేతులు ఆడక, అతని చొక్కా పట్టుకునే కిందికి జారి, వాకిట్లో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. చుట్టుపక్కలవాళ్ళు పోగైనారు. సమాధానం కదలలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

చాలాసేపటికి ఆమె లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుంది, మళ్ళీ తడిసింది. అతని కాళ్ళ ముందర తుపుక్కున ఉమ్మి, "పోయి నా బిడ్డతో చెప్తా" అనింది.

"చెప్పు పెద్దమ్మా. నేనే తెరిచినానని చెప్పు."

పేరమ్మ బోరున ఏడుస్తా, తూరుపు బస్సు అందుకోవాలని గబగబా నడిచి కూతురి దగ్గరికి పోయింది.